చనిపోయినవాడి పద్నాలుగు చివరి బొమ్మలు

“ఫ్లావియా నబక్కాను చంపింది మీరు. సుత్తి ఎత్తిన చెయ్యి ఒకటే కావచ్చు. ఆ చెయ్యికి ఐదేళ్ళుగా బలం పోసింది మాత్రం ఈ బల్ల చుట్టూ కూర్చున్న మీరందరూ.”

ఆ మాట అనేసి మాజీ పోలీసు సార్జెంట్ నంటొంగో కుర్చీ లాక్కుని కూర్చుంది. కూర్చోమని ఎవరూ అనలేదు. ముకేకా ఆర్ట్ ట్రస్టు పాలకవర్గం ఆరుగురూ నల్లబట్టలు వేసుకుని సంతాప సమావేశం పెట్టుకున్నారు. గోడకు ఫ్లావియా ఫోటో, దాని కింద ‘ట్రస్టు సహాయకురాలు’ అని రాత. ఐదేళ్ళు బెరడు గుడ్డ మీద బొమ్మలు గీసి గీసి వేళ్ళు అరగదీసుకున్న మనిషి చచ్చాక కూడా సహాయకురాలే. ఆఫ్రికా కళాకారుల్ని ప్రపంచానికి చూపించడమే మా ధ్యేయం అని గేటు మీద అడుగెత్తు అక్షరాలతో రాసుకున్న సంస్థ ఇది.

గడియారం పదకొండుంపావు చూపిస్తోంది. మధ్యాహ్నం రెండింటికి కోర్టులో సాలోంగో సెకిట్టో మీద హత్యానేరం చదువుతారు. చదివారంటే ఇక ఆయన పని అయిపోయినట్టే. ఆ నేరానికి కింది కోర్టు బెయిలివ్వదు, విచారణకు వంతు వచ్చేసరికి నాలుగేళ్ళో ఐదేళ్ళో. ముసలాయనకు డెబ్బై ఒకటి. కవలల తండ్రి గనక ఊరంతా గౌరవంగా సాలోంగో అంటుంది. ముతుబా చెట్టు బెరడు ఒలిచి, కొయ్య సుత్తులతో కొట్టి కొట్టి గుడ్డ చెయ్యడం ఆయన పని. ఈ ట్రస్టు కళాకారులు రంగులు వేసేది ఆ గుడ్డ మీదే. కంపాలాలో శవాలకు చుట్టేదీ ఆ గుడ్డే. ఈ రోజు జైలుకు పోతే ఆయన బయటికి వచ్చేది అందులోనే.

డైరెక్టర్ అపోలో కిరుమిరా కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “న్యాబో, అమ్మా, మీ బాధ నాకు అర్థమవుతోంది. సాలోంగో మీ వంశపు మనిషి. మా అందరికీ బాధే. కానీ రుజువులున్నాయి.”

“రుజువుల సంగతే మాట్లాడదాం. మంగళవారం పొద్దున ఎక్కడున్నారు?”

“పై అంతస్తులో, నా గదిలో. పోలీసులకు చెప్పాను కదా.”

“నాకూ చెప్పండి. నేను మీ వాంగ్మూలం మీద ముద్రలు వెయ్యను. ఊరికే వింటాను.”

కిరుమిరా పాలకవర్గం వైపు ఓసారి చూశాడు. “ఎనిమిదింటికి సాలోంగో పెరట్లో పాకలో కొత్త బెరడు మొదలుపెట్టాడు. పదిన్నరకు సుత్తి చప్పుడు ఆగింది. పదకొండింటికి మళ్ళీ వినపడింది. ఒకటిన్నరకు నేను స్టోర్ రూమ్ తలుపు తీస్తే ఫ్లావియా నేల మీద పడి ఉంది. తల వెనక దెబ్బ. డాక్టరు పదికీ పన్నెండుకీ మధ్య అన్నాడు.”

“అంటే ఆ అరగంటలో ముసలాయన సుత్తి పట్టుకుని లోపలికెళ్ళి, చంపి, వచ్చి, మళ్ళీ అదే బెరడు కొట్టుకున్నాడు.”

“నేను ఏమీ అనను. విన్నది చెప్పాను.”

“అదే బెరడా? కచ్చితంగా?”

“అదే బెరడు. బెరడు గుడ్డ మీద మూడు పుస్తకాలు రాశాను న్యాబో.”

“కొట్టినవి ఎన్ని?”

“ఏమిటి?”

“బెరళ్ళు. మీ చేత్తో ఎన్ని కొట్టారు?”

బల్ల చివర కూర్చున్న ముసలి లాయరు గొంతు సవరించుకున్నాడు, నవ్వు ఆపుకోడానికి.

“పోనీండి. స్టోర్ తాళాలు ఎన్ని?”

“రెండు. ఒకటి నా దగ్గర, ఒకటి ఫ్లావియా దగ్గర.”

“ఆమె లోపల ఏం చేస్తోంది?”

“పాకింగ్. ఇగ్నేషియస్ సెరుంకుమా గారి చివరి బొమ్మలు విదేశంలో ప్రదర్శనకు వెళ్తున్నాయి. మహానుభావుడు. పోయి నాలుగేళ్ళయింది.”

“ఎన్ని చివరి బొమ్మలు?”

“పద్నాలుగు.”

“ఆయన పోయిన ఏడాది మీరే పేపర్లో ప్రకటించారు, చివరి బొమ్మలు మూడు దొరికాయని. బతికినన్నాళ్ళూ ఏడాదికి రెండు గీస్తే గొప్ప. పోయాక చెయ్యి తిరిగిందన్నమాట.”

“ఆయన ఇంట్లో అటకల మీద దొరుకుతూనే ఉన్నాయి,” అన్నాడు కిరుమిరా. గొంతు చల్లగా ఉంది. “ఇక్కడ దుఃఖంలో ఉన్నాం. దయచేసి వెళ్ళండి.”

నంటొంగో లేచింది. దుఃఖంలో ఉన్న ఆరుగురి ముందూ ఆరు పళ్ళేల్లో సమోసాలున్నాయి.

గేటు బయట బొగ్గుల కుంపటి పెట్టుకుని ఎడిసా గొంజా కాలుస్తోంది. పండిన పెద్ద అరటికాయల్ని నిప్పుల మీద దోరగా తిప్పి, పాత పేపర్లో చుట్టి అమ్ముతుంది. పన్నెండేళ్ళుగా అదే చోటు. పక్కనే చిన్న రేడియో. హత్య జరిగి రెండు రోజులైనా ఒక్క పోలీసూ ఆమెను ప్రశ్న అడగలేదు. గొంజా మాత్రం తిని పోయారు.

“మామా ఎడిసా, మంగళవారం సాలోంగో సుత్తి చప్పుడు మధ్యలో ఆగిందా?”

“ఆగితే బాగుపడేదాన్ని తల్లీ. ఆ ముసలాడి పేరెత్తకు నా దగ్గర.”

“ఏం చేశాడేంటి?”

“మా పెదనాన్న కొడుకు సమాధికి పోనివ్వకుండా చేశాడు. అంతకన్నా ఏం చెయ్యాలి?” ఎడిసా పటకారుతో నిప్పులు కెలికింది. “పదిన్నర నుంచి పదకొండు దాకా రేడియోలో చావు కబుర్లు చదువుతారా లేదా? ఎవరు పోయారో, ఏ ఊళ్ళో పూడుస్తారో. అదొక్కటే నేను వినేది. ఆ రోజు ఒక్క పేరు వినపడితే ఒట్టు. దబ్ దబ్ దబ్ అని ఒకటే మోత. రేడియో చెవికి ఆనించుకున్నా లాభం లేదు. లేచి లోపలికెళ్ళి ఆ పాక ముందు నిలబడి అరిచాను, ఓ సాలోంగో, బతికున్నోళ్ళ మీద ఎలాగూ జాలి లేదు, చచ్చినోళ్ళనన్నా విననియ్యవయ్యా అని.”

“ఆపాడా?”

“తల కూడా ఎత్తలేదు. ‘బెరడు ఆగదమ్మా’ అన్నాడు. అంతే. వాడి బెరడు ఆగదు, మా వాడి శవం మాత్రం ఆగాలి. సాయంత్రం మా మరదలు ఫోన్ చేస్తే తెలిసింది, పూడ్చేసి కూడా వచ్చారట. వంశంలో ఇక నాకు మొహం ఉందా?”

“నువ్వు వెళ్ళినప్పుడు టైమెంత?”

“చావు కబుర్ల మధ్యలో సబ్బు ప్రకటన వస్తుంది. అప్పుడు లేచాను. పదీ నలభై అయిదు. ఎప్పుడూ అప్పుడే వస్తుంది.”

“తర్వాత కూడా కొడుతూనే ఉన్నాడా?”

“ఒంటిగంట దాటాక మోత సన్నబడింది. ఆగడం మాత్రం ఆగలేదు.”

“ఈ మాట కోర్టులో చెప్తావా?”

ఎడిసా ఎగాదిగా చూసింది. “చెప్తాను. వాడంటే నాకు ఒళ్ళు మంట. వాడి కోసం అబద్ధం చెప్తానని ఎవడూ అనలేడు కదా.”

కుంపటి ఎవరికన్నా అప్పజెప్పి ఒంటిగంటన్నరకల్లా కోర్టు దగ్గరుండమని చెప్పి నంటొంగో పెరటి దారిన పాకలోకి వెళ్ళింది.

పాకంటే నాలుగు గుంజలు, పైన రేకులు. మధ్యలో పొడుగ్గా నున్నటి దుంగ. దుంగ మీద మంగళవారం నాటి బెరడు గుడ్డ అలాగే పడి ఉంది. బెరడు విలువ తెలియని పోలీసులు దాన్ని ముట్టుకోలేదు. ఆ మేరకు వాళ్ళ అజ్ఞానానికి దండం పెట్టాలి. వెనక గోడకు సుత్తులు తగిలించే మూడు మేకులున్నాయి. మూడో మేకు నుంచి స్టోర్ రూమ్ తలుపు నాలుగడుగులు. దుంగ ముందు కూర్చున్నవాడికి ఆ మేకులూ ఆ తలుపూ వీపు వెనకే పడతాయి. తలుపు పక్కన గోడకు ఒక నీళ్ళ పంపు.

నంటొంగోది నీటికుక్కను గుర్తుగా పెట్టుకున్న వంశం. ఎన్ని తరాలుగానో బెరడు కొట్టే వంశం. తాత పాకలో పెరిగింది. పచ్చి బెరడు ముందు ముతక గాడుల సుత్తి కింద పడుతుంది, తర్వాత నడిమి గాడులది, చివర సన్న గాడులది. ముతక సుత్తి కింద సగం తెరుచుకున్న బెరడును ఈ ఎండగాలిలో అరగంట వదిలితే అంచు బిగుసుకుంటుంది. మళ్ళీ సుత్తి వేస్తే అక్కడే చీలుతుంది. ఆమె ఈ చివర నుంచి ఆ చివర దాకా గుడ్డ మీద అరచెయ్యి ఆనించి నడిచింది. ఒక్క బిగుపూ లేదు. ఒక్క చీలికా లేదు. ఆగకుండా కొట్టిన గుడ్డ.

“మాజీ సార్జెంట్ గారు బెరడుకు నాడి చూస్తున్నారా?”

ఇన్‌స్పెక్టర్ బ్యరుహాంగా. ఇస్త్రీ మడత నలగని యూనిఫారం చొక్కా, చేతిలో ఫైలు, రెండో చేతిలో సీలు వేసిన ప్లాస్టిక్ సంచి. సంచిలో మూడు సుత్తులు. కోర్టుకు వెళ్తూ డైరెక్టర్ సంతకం కోసం ఆగాడు. ఆరేళ్ళ కిందట నంటొంగో ఉద్యోగం పోయిన కేసులో ఈయనే సాక్షి, ఆమె కుర్చీ దక్కిందీ ఈయనకే.

“మనుషుల నాడి చూడ్డం మీరు మానేశారుగా ఇన్‌స్పెక్టర్. ఎవరో ఒకరు చూడాలి. మీ కేసులో సుత్తి చప్పుడు పదిన్నరకు ఆగిందని ఉంది. గేటు దగ్గరున్న ఆమె ఆగలేదంటోంది. ఆమెను అడిగారా?”

“గొంజా అమ్మేదాన్నా?”

“గొంజా అమ్మేవాళ్ళకు చెవులుండవని మీ శిక్షణలో చెప్పారా?”

“చూడండి, నంటొంగో.” ఆయన సంచి పైకెత్తాడు. “సన్న గాడుల సుత్తి. గాడుల్లో రక్తం. ఆమె తల మీద అవే గాడుల ముద్ర. మీ ముసలాయన కడిగేశాడు, కానీ పూర్తిగా పోలేదు. తడిగా ఉందని తనే ఒప్పుకున్నాడు. వేలిముద్ర వేశాడు.”

“ఏ భాషలో రాసిన కాగితం మీద?”

“చదివి వినిపించాం.”

“ఏ భాషలో వినిపించారు?”

ఇన్‌స్పెక్టర్ సంచి సీలు సరిచూసుకున్నాడు.

“ఆయన మీతో చెప్పింది నాతోనూ చెప్పాడు,” అంది నంటొంగో. “ఒంటిగంట దాటాక సన్న సుత్తి అందుకుంటే తడిగా తగిలింది, ఎవడు తడిపాడు నా సుత్తిని అని తిట్టుకున్నాడు. మీరు దాన్ని ‘కడిగానని ఒప్పుకున్నాడు’ అని రాశారు. ఇన్‌స్పెక్టర్, బెరడు కొట్టేవాడు సుత్తిని నీళ్ళకు చూపించడు. తడిస్తే కొయ్య ఉబ్బుతుంది, గాడులు పూడిపోతాయి. చిన్నప్పుడు మేం తడి చేతుల్తో ముట్టుకుంటే మా తాత వీపు విమానం మోత మోగించేవాడు. రక్తం అంటితే ఆయన బూడిద వేసి రుద్దుతాడు, లేకపోతే పొయ్యిలో పెడతాడు. పంపు కింద పెట్టేవాడు ఎవడో తెలుసా? గుడ్డ గురించి పుస్తకాలు రాసి, సుత్తి పట్టనివాడు.”

“తడిగా ఉంటే మరి ఎందుకు కొట్టాడు దాంతో?”

“బెరడు ఆగదు గనక. సన్న సుత్తి ఆయనకు ఒక్కటే ఉంది. ఇటు రండి.”

ఆమె గుడ్డ చివర చూపించింది. ముతక పనీ నడిమి పనీ అయిపోయిన గుడ్డ మీద ఒక జానెడు మేర మాత్రం సన్న గాడులు పడి ఉన్నాయి. అక్కడికే పోలీసులొచ్చి ఆయన్ని లేపారు. ఆ జానెడులో మొదటి నాలుగు దెబ్బల్లో, ఎర్రమట్టి రంగు గుడ్డలో గుడ్డ రంగు కాని మచ్చలున్నాయి. వేలు పెట్టి చూపిస్తే తప్ప తెలియదు.

బ్యరుహాంగా వంగి చాలాసేపు చూశాడు.

“ఆ పిల్ల రక్తం,” అంది నంటొంగో. “తెలియక తన గుడ్డలోకి తనే కొట్టుకున్నాడు. చంపినవాడైతే సాక్ష్యాన్ని ఇంత శ్రద్ధగా నేస్తాడా? చెప్పండి.”

“అయినా కారణం ఉంది. సోమవారం ఇద్దరూ పోట్లాడుకున్నారు, ఆఫీసంతా విన్నది.”

“ఎందుకో అడిగారా? ఆ సుత్తి గురించే. దాని పళ్ళు చూడండి. సంచి విప్పక్కర్లేదు, బయటికే కనిపిస్తుంది.”

ఇన్‌స్పెక్టర్ సంచిని వెలుగుకు పెట్టాడు. సుత్తి మొహం మీద దువ్వెనలా వరసగా సన్నటి పళ్ళు. అంచు నుంచి అయిదోది లేదు.

“ఈస్టరు ముందు చెక్కిన కొత్త సుత్తి. రెండో రోజే ముడి తగిలి పన్ను విరిగింది. దెబ్బ దెబ్బకూ గుడ్డ మీద ఒక బోడి గీత పడుతుంది. ముసలాయనకు సిగ్గు, వంశంలో చూస్తే నవ్విపోతారని. పారేస్తానన్నాడు. ఫ్లావియా పారెయ్యనివ్వలేదు. నాకిచ్చే గుడ్డలన్నీ దీంతోనే కొట్టాలి అంది. ఆర్నెల్లుగా అదే గొడవ.”

“ఆర్టిస్టులకు పిచ్చి ఉంటుంది,” అన్నాడు బ్యరుహాంగా.

“నేనూ ఇప్పటి దాకా అదే అనుకున్నాను.”

ఆ మాట నోట్లో ఉండగానే నంటొంగో ఆగిపోయింది. దుంగ మీది గుడ్డలో బోడి గీతను వేలితో తడిమింది. లేచి, ఇన్‌స్పెక్టర్ చొక్కా చెయ్యి పట్టి లాగింది. “రండి నాతో.”

“ఎక్కడికి? చొక్కా వదలండి.”

ముందు హాల్లో ఒక పెద్ద బొమ్మ వేలాడుతోంది. బెరడు గుడ్డ మీద నల్లరంగుతో నీళ్ళు మోసే ఆడవాళ్ళు. కింద ఇత్తడి రేకు మీద ‘ఇగ్నేషియస్ సెరుంకుమా, చివరి బొమ్మ’ అని రాసి, నాలుగేళ్ళ కిందటి సంవత్సరం చెక్కి ఉంది. వచ్చే అతిథుల కోసం పద్నాలుగింటిలో దీన్నొక్కదాన్ని ఇక్కడ ఉంచుకున్నారు. నంటొంగో కుర్చీ ఎక్కి దాన్ని దించింది. రిసెప్షన్ పిల్ల అభ్యంతరం చెప్పబోయి, యూనిఫారం చూసి ఊరుకుంది.

బొమ్మ తిప్పి నేల మీద పెట్టారు. వెనక వైపు గుడ్డకు రంగు లేదు. వెలుగు ఏటవాలుగా పడుతుంటే సన్న గాడులు స్పష్టంగా లేచాయి. నాలుగు గీతలు, ఒక బోడి. నాలుగు గీతలు, ఒక బోడి. ఆ చివర నుంచి ఈ చివర దాకా, దెబ్బ దెబ్బకూ.

బ్యరుహాంగా మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఇస్త్రీ మడత నలిగింది. సుత్తిని సంచితో సహా గుడ్డ పక్కన పెట్టి చూశాడు. మళ్ళీ చూశాడు.

“సుత్తి ఈస్టరుకు చెక్కిందే అని ఏంటి రుజువు?” గొంతులో ఎగతాళి పోయింది. “ముసలాయన మాటేనా?”

నంటొంగో ఫోన్ తీసింది. ముకేకా ట్రస్టు పేజీలో ఏప్రిల్ నెల దాకా వెనక్కి వెళ్ళింది. ఫోటోలో సాలోంగో చెక్కడపు ఉలితో, ఒడిలో తెల్లటి కొయ్య సుత్తి. పక్కన కిరుమిరా పళ్ళన్నీ బయటపెట్టి నిలబడ్డాడు. ‘మా పెద్దాయన కొత్త సుత్తి చెక్కుతున్నారు, ఈ విద్యను కాపాడుకుందాం’ అని రాత. దాతల కోసం పెట్టుకున్న ఫోటో.

“నాలుగేళ్ళ కిందట చచ్చినవాడు ఈ ఏప్రిల్లో చెక్కిన సుత్తితో కొట్టిన గుడ్డ మీద బొమ్మ గీశాడు,” అంది. “ఎవరు గీశారో ఇప్పుడు చెప్పండి.”

ఆయన సుత్తుల సంచిని మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

ఫ్లావియానే. అటకల మీద దొరికిన ప్రతి చివరి బొమ్మా ఆమె చేతిదే. నీకూ ఒక ప్రదర్శన పెడతాం, ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు అని ఐదేళ్ళు ఊరించి, చచ్చిన మగాడి పేరు కింద ఆమెను పాతేశారు. సంతకం పెట్టనివ్వకపోతే ఆమె విరిగిన పన్నుతో పెట్టుకుంది. బెరడు కొట్టేవాడికి తప్ప లోకంలో ఎవడికీ కనపడని సంతకం. పెట్టెలు కట్టే రోజున ఆ సంగతి ఆమె ఒక్క మనిషితో చెప్పి ఉంటుంది. రెండో తాళం ఉన్న మనిషితో.

“కిరుమిరా ఎక్కడ?” అన్నాడు బ్యరుహాంగా, రిసెప్షన్ పిల్ల వైపు తిరిగి.

“డైరెక్టర్ గారు ఎంటెబ్బే ఎయిర్‌పోర్టుకు బయల్దేరారు సార్. పెట్టెలు తీసుకుని. మూడింటి విమానం.”

“ఆయనకూ టికెట్ ఉందా?”

“పెట్టెలతో పాటు తను కూడా వెళ్తున్నారు సార్. ఇవాళే హఠాత్తుగా అనుకున్నారు.”

పన్నెండూ నలభై. కోర్టు ఒక దిక్కు, విమానం ఒక దిక్కు. ఆ పదమూడు బొమ్మలూ గాల్లోకి లేచాయంటే రేపు ఏ కోర్టులోనూ ఎవరూ వాటి వీపులు తిప్పి చూడరు. బ్యరుహాంగా ఫైలును ఛాతీకి అదుముకున్నాడు.

“నేను పైవాళ్ళను అడగాలి. ట్రస్టు పాలకవర్గంలో ఎవరెవరున్నారో తెలుసు కదా మీకు. ముందు కోర్టు పని కానిచ్చి, సాయంత్రం నెమ్మదిగా...”

నంటొంగో వెళ్ళి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“సాయంత్రం ఏమీ లేదు. ఎంటెబ్బేకు ఇప్పుడే ఫోన్ చెయ్యండి, నా ముందే, స్పీకరు పెట్టి. ఆ పెట్టెలూ వాడూ రన్‌వే దాటకూడదు. ఆ దుంగ మీది గుడ్డను మీ చేత్తో మడిచి సీలు వెయ్యండి. ఆ తర్వాత ఆ ఫైలు తీసుకుని రెండింటికి జడ్జి ముందు నిలబడి, సాలోంగో సెకిట్టో మీద మాకు కేసు లేదు, మేం తప్పు మనిషిని పట్టుకున్నాం అని నోరు తెరిచి చెప్పండి. రాత కాదు, నోటితో. ఆయనకు అర్థమయ్యే భాషలో. మొదలుపెట్టండి, నంబరు నేను చెప్తాను.”